కంకాళయ్యకు గ్రేసు మార్కులు

మాజేటి సత్యలింగం పిల్లల మనసు తెలిసి వ్యాపారం చేసినవాడు కాడు, పిల్లల పరీక్షలు తెలిసి చేసినవాడు. విజయవాడ ఏలూరు రోడ్డులో ఆయన దుకాణం గైడ్ల మీద నిలబడింది. టెస్ట్ పేపర్ల మీద దానికి పై అంతస్తు లేచింది. మనిషి ఇష్టపడ్డదాన్ని ఒక్కసారే కొంటాడనీ, భయపడ్డదాన్ని ఏటా కొంటాడనీ ఆయన చాలాకాలం కిందటే తేల్చుకున్నాడు. ఆ లెక్కకు కట్టుబడి ఉన్నంతకాలం సుఖంగానే ఉన్నాడు.

కథల పుస్తకం జోలికి ఆయన తనంతట తాను పోలేదు. గుడివాడలో పళ్ళ డాక్టరు కంభంపాటి సువర్చల ఆయన దవడపన్ను పీకుతూ, పటకారు నోట్లో ఉండగానే, తాను పిల్లల కోసం ఒక నవల రాశాననీ అచ్చువేస్తారా అనీ అడిగింది. కాదనడానికి ఆయన నోరు ఖాళీగా లేదు. ఆమె దాన్ని అంగీకారం కింద తీసుకుంది.

ఆ నవల పేరు 'ఉప్పుకోట'. ఉప్పుతో కట్టిన ఊరు అది, వాన పడితే కరిగిపోతుంది. వానను ఆపగలిగిన మాంత్రికుడు కంకాళయ్య ఒక్కడే. ఆపినందుకు ఏడాదికి ఒకరి గొంతు పుచ్చుకుంటాడు. తల్లి గొంతు తిరిగి తెస్తానని తుమ్మెద అనే పదిహేనేళ్ళ పిల్ల బయలుదేరుతుంది. మొదటి భాగంలో కంకాళయ్య వట్టి రాక్షసుడు. రెండో భాగంలో, ఆ గొంతులు తనకోసం కాదనీ, మేఘాలకు మేతగా వేస్తున్నాడనీ బయటపడుతుంది. మూడో భాగంలో తుమ్మెద ఒక అబద్ధమాడి పాపం ఒక కాపలావాడి కొలువు పోగొడుతుంది. నాలుగో భాగం చివర, ఇంకొకరి గొంతు తీసుకోవడానికి చెయ్యిరాక, కంకాళయ్య తన గొంతునే మేఘాలకు వేసేసి మూగవాడవుతాడు. మళ్ళీ వాన కమ్ముకొస్తుంది. ఇప్పుడు మంత్రం చదవగలిగింది తుమ్మెద ఒక్కతే. మేత కావాలి. పక్కన ఆమె నేస్తం గౌరు నిద్రపోతోంది. ఊరు మొత్తం మీద గౌరులా పాడేవాళ్ళు లేరు.

అక్కడ నాలుగో భాగం ఆగింది.

సత్యలింగం దుకాణానికి పిల్లలు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. గైడు రాలేదని ఫోను చేసేవాళ్ళను ఆయన ఎరుగును, వాళ్ళ గొంతులో దిగులుంటుంది. వీళ్ళు పోట్లాడుతున్నారు. "తుమ్మెద తీసుకుంటుందా, తీసుకోదా?" అని కొందరు. "తీసుకుందంటే మీ పుస్తకం చింపేస్తా" అని ఒకరు. "తీసుకోకపోతే ఊరేం కావాలి, మీకసలు బుద్ధుందా?" అని ఇంకొకరు. సరుకు ఇంకా తయారు కాకుండానే జనం ఇలా కొట్టుకోవడం సత్యలింగం తన వ్యాపారంలో ఎన్నడూ చూడలేదు. సువర్చల ఐదో భాగం రాతప్రతి ఇవ్వగానే కాగితం కొనేసి పెట్టాడు.

అప్పుడు వచ్చింది ముప్పు. వచ్చింది పరీక్షల వైపు నుంచే.

ఆ ఏడు రాష్ట్రమంతటా బడిపిల్లలకు పఠనశక్తి పరీక్ష పెట్టారు. గ్రంథాలయాలకు కొన్న పుస్తకాల్లోంచి ఉప్పుకోట కథ తీసి ప్రశ్న ఇచ్చారు: ఈ కథలో చెడ్డవారు ఎవరు? కింద నాలుగు పేర్లు, ఒకదానికి టిక్కు పెట్టాలి. సరైన జవాబుల జాబితాలో కంకాళయ్య అని ఉంది. పిల్లల్లో సగంమంది గడి ఖాళీగా వదిలేశారు. కొందరు నాలుగింటికీ టిక్కు పెట్టి, నాలుగూ కొట్టేశారు. 'ఐదో భాగం రావాలి' అని రాసినవాళ్ళున్నారు. ఒక పిల్ల 'ఏ భాగం నాటికి?' అని ఎదురు ప్రశ్న వేసింది.

ఇంత జరిగాక ప్రశ్న తప్పని ఎవరైనా అనుకుంటారు. ప్రభుత్వం అలా అనుకోలేదు. కథలో మనుషులు తిన్నగా లేరని అనుకుంది. వెంటనే 'బాలసాహిత్య శీలనిర్ణయ మండలి' ఏర్పాటైంది. కథలు చదివిన అలవాటున్నవాళ్ళకు పక్షపాతం ఉంటుందని, అందులోకి అధికారులందరినీ పరీక్షల విభాగం నుంచి తెచ్చారు.

మండలి మొదటి ఉత్తర్వు రాగానే పుస్తకాల బజారు కదిలిపోయింది. బడికి చేరే ప్రతి పుస్తకంలోని ప్రతి పాత్రకూ నూటికి ఇన్ని అని శీలం మార్కులుండాలి. అరవై, ఆపైన వస్తే మంచి. ముప్పై అయిదు లోపు వస్తే చెడ్డ. మధ్యలో ఉంటే ఫలితం నిలుపుదల. ఒక్క పాత్ర నిలుపుదలలో ఉన్నా పుస్తకం బడి గడప తొక్కరాదు, దాని తరువాయి భాగం వెలువడరాదు.

మిగిలిన ప్రచురణకర్తలు తెలివిగా సర్దుకున్నారు. ఒకాయన తన పుస్తకంలో తోడేలుకు మధ్యాహ్నం నిద్ర అలవాటు చేశాడు. మేకపిల్ల వాగు దగ్గరకు వచ్చింది, నీళ్ళు తాగింది, ఇంటికి వెళ్ళింది. ఆ పుస్తకానికి తొంభై రెండు వచ్చాయి. రాష్ట్రస్థాయి బహుమతి కూడా వచ్చింది. సభలో వక్తలందరూ తోడేలు సంయమనాన్ని పొగిడారు.

సత్యలింగం మండలికి వెళ్ళాడు. ఏ ఆఫీసులోనైనా ఒక మనిషి ఉంటాడనీ, ఆ మనిషికి ఒక అవసరం ఉంటుందనీ ఆయన నమ్మకం.

మండలి సంచాలకుడు పురాణం దక్షిణామూర్తి బల్ల మీద ఉప్పుకోట నాలుగు భాగాలూ ఉన్నాయి. వాటి నిండా ఎర్రసిరా. పుట చివర మార్కుల మొత్తం, దాని చుట్టూ సున్నా.

"కూర్చోండి. మీమీద మాకు వ్యక్తిగత ద్వేషం లేదు. సదరు కంకాళయ్య మీద కూడా లేదు. స్పష్టత లేదు, అంతే."

"ఏం స్పష్టతండీ?"

"సదరు వ్యక్తి మంచివాడా, చెడ్డవాడా?"

"రెండూనండి. అందుకే గదా పిల్లలు ఎగబడుతోంది."

"రెండూ అనే గడి మా పట్టికలో లేదు."

"కథలో మనిషి మారతాడు కదండీ. మొదట ఒకలాగ ఉంటాడు, తర్వాత..."

"మారవచ్చును. మార్పుకు మండలి వ్యతిరేకం కాదు. ముందస్తు అనుమతి తీసుకుని, అధ్యాయానికి అయిదు మార్కులు మించకుండా మారవచ్చును. మీవాడు నాలుగో భాగంలో ఒక్క పేరాలో ముప్పై మార్కులు మారాడు. అంత హఠాత్తుగా పశ్చాత్తాపపడితే విద్యార్థి ఏ పుటలో ఏ అభిప్రాయం కలిగి ఉండవలెను?"

"చచ్చిపోతూ మారేవాళ్ళుంటారు గదండీ. వాళ్ళకి అధ్యాయాలెక్కడ మిగులుతాయి?"

"వారికి తత్కాల్ పద్ధతి ఉంది. రుసుము వేరు."

సత్యలింగం లేచి వస్తూ ఆలోచించాడు. ఆయనకు మూర్ఖులంటే కోపం లేదు. గైడ్ల వ్యాపారం వాళ్ళ మీదే నడిచింది. కాని మూర్ఖుడికి ఏదో ఒక కోరిక ఉంటే పని జరుగుతుంది. ఈయనకు కావలసింది స్పష్టత ఒక్కటే అయితే దాన్ని ఏ కొట్లో కొనాలి?

ఆ సాయంత్రమే గుడివాడ బస్సెక్కాడు.

సువర్చల క్లినిక్‌లో కుర్చీలో ఒక ఆర్టీసీ కండక్టరు నోట్లో దూది కుక్కుకుని పడుకుని ఉన్నాడు. ఆమె పని ఆపకుండానే అంతా విన్నది.

"అయితే నన్నేం చెయ్యమంటారు బాబాయ్ గారూ?"

"పెద్ద పనేం కాదమ్మా. మా కుర్రాడు చదివి చెప్పాడు, ఐదో భాగంలో ఆ గొంతు లాక్కునే చోటు ఒక్కటి సవరించు. తుమ్మెద ఆ పిల్లని నిద్ర లేపుద్ది. 'గౌరూ, నీ గొంతిస్తావంటే' అంటది. అది 'సంతోషంగా ఇస్తానే' అంటది. ఇద్దరికీ చెరో అరవై అయిదూ పడిపోతయ్యి."

"అడిగితే గౌరు ఇవ్వదు."

"ఎందుకివ్వదు?"

"పాడే పిల్ల బాబాయ్ గారూ. అడిగితే ఇవ్వనంటుంది. ఇవ్వనంటుందని తుమ్మెదకి తెలుసు. తెలిసే నిద్ర లేపదు. అది లేపకపోవడం కోసమే నేను ఐదు భాగాలు రాశాను."

కుర్చీలో కండక్టరు గిలగిలా కొట్టుకుని దూది ఊసేశాడు. "అయ్యబాబోయ్, చెప్పేశారండీ! తీసుకుంటదా? మా పెద్దది వింటే నన్ను ఇంట్లోకి రానివ్వదండీ!"

"నోరు తెరవండి," అన్నది సువర్చల. కండక్టరు తెరిచాడు కానీ కళ్ళు మాత్రం సత్యలింగం మీదే పెట్టాడు, సంగతంతా ఈయన వల్లే చెడిందన్నట్టు.

"పొద్దున గౌరు లేచి పాడబోతుంది," అన్నదామె. "ఆ పుట రాశాక రెండు రోజులు నేను క్లినిక్ తియ్యలేదు. దాన్ని సవరించమంటే నావల్ల కాదు. వేస్తే ఇదే వెయ్యండి. లేదంటే రాతప్రతి తిరిగి ఇచ్చెయ్యండి, నేనేం అనుకోను."

"తర్వాతేం జరిగిందమ్మా? గౌరు లేచాక?"

"మీకెందుకు బాబాయ్ గారూ? మీరు గైడ్లవాళ్ళు గదా."

సత్యలింగం సంచి సర్దుకుని లేచాడు. బస్సులో తిరిగి వస్తూ రాతప్రతిని సంచిలోంచి బయటికి తీశాడు. కథ చదవడం ఆయనకు అలవాటు లేదు, అక్షరాలు చూసి పుటలెన్ని వస్తాయో చెప్పగలడు, అంతవరకే. హనుమాన్ జంక్షన్ దాటేసరికి గౌరు నిద్ర లేచింది. విజయవాడలో ఆ బస్సు కండక్టరు వచ్చి భుజం తట్టి, ఇదే ఆఖరని చెప్పేదాకా ఆయన దిగలేదు. ఈ పుస్తకం వెయ్యాలి, ఇలాగే వెయ్యాలి అని ఆయన నిశ్చయించుకున్నది ఆ బస్సులో. ఇందులో లాభం ఎంతో, మనసెంతో విడదీసి చూద్దామని ప్రయత్నించాడు. విడిపోలేదు.

మర్నాడే కబురు పంపాడు: మండలివారు పాత్రల తరఫు వాదన వినాలి. మండలి సమాధానం రాసింది: పునర్మూల్యాంకనానికి అభ్యర్థి స్వయంగా హాజరు కావలెను.

సత్యలింగం ఫోను చేశాడు. "అభ్యర్థి అంటే ఎవరండీ?"

"కంకాళయ్య."

"ఆయన కథలో ఉంటాడండీ."

"నివాసం?"

"ఉప్పుకోట."

"దూరమైతే ప్రయాణానికి వ్యవధి ఇస్తాం," అన్నాడు దక్షిణామూర్తి, దయగా.

మండలి కోరింది మనిషిని. మనిషిని సరఫరా చెయ్యడం వర్తకుడికి కష్టమేం కాదు. సత్యలింగం తెనాలి వెళ్ళి, పౌరాణిక నాటకాల్లో దుష్టవేషాలు కట్టే నడకుదిటి వీరభద్రాన్ని పట్టుకున్నాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే పక్కవీధిలో కుక్కలు కూడా సర్దుకుని కూర్చుంటాయని పేరు.

"మాంత్రికుడా? బ్రహ్మాండం. ఎన్ని పద్యాలు?"

"పద్యాల్లేవండీ. ఆయన నాలుగో భాగంలోనే గొంతు పోగొట్టుకున్నాడు. మూగవేషం."

వీరభద్రం ముఖం చిన్నబోయింది. "నోరు మూసుకుని కూర్చోడానికి నేనెందుకండీ? మీ బావమరిదిని తీసకెళ్ళండి."

"వాళ్ళు మిమ్మల్ని చూసి భయపడాలి, జాలీ పడాలి. మా బావమరిదికి ఆ రెండూ రావు."

"అయితే పద్యాల వేషానికి రెట్టింపు అవుద్ది. గొంతులోకి వచ్చింది మింగటం మామూలు కష్టం కాదు."

విచారణ రోజున వీరభద్రం నల్లకంబళి, గవ్వల పేరు, జడలు కట్టిన జుట్టుతో మండలి సమావేశమందిరంలో అడుగుపెడితే బిళ్ళబంట్రోతు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. దక్షిణామూర్తికి ఇరుపక్కలా ఒక సభ్యుడు, ఒక సభ్యురాలు ఉన్నారు. ముగ్గురి చేతుల్లోనూ ఎర్రకలాలు.

"పేరు కంకాళయ్య. వృత్తి మాంత్రికం. నిజమేనా?" వీరభద్రం తల ఊపాడు.

"ఏడాదికి ఒక గొంతు చొప్పున బలవంతంగా తీసుకొంటిరి. ఒక్కొక్క దానికి మైనస్ అయిదు. తీసుకొనకపోతే ఊరు కరిగిపోయెడిదని మీ వాదన. ఊరు కాపాడుటకు ప్లస్ నలభై. ప్రతిసారీ కాపాడితిరా, ఒకే కాపాడుటను పలుమార్లు చూపుచున్నారా?"

వీరభద్రం మౌనంగా ఆకాశం వైపు చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"సమాధానం లేదు," అన్నాడు సభ్యుడు. "అహంకారం. మైనస్ అయిదు."

"అది పశ్చాత్తాపమండీ," అన్నది సభ్యురాలు. "చూడండి, ఎలా చూస్తున్నాడో. ప్లస్ అయిదు."

రెండూ వేశారు.

"సొంత గొంతు ధారపోయుట," అన్నాడు దక్షిణామూర్తి. "ఇది అవయవదానం కింద వచ్చును. ప్లస్ పదిహేను. రశీదు ఉన్నదా?"

సత్యలింగం లేచాడు. "మేఘాలకండీ ఇచ్చింది. అవి రశీదు ఇవ్వవు."

"అయితే పది."

చివరికి, పశ్చాత్తాపం ఉందో లేదో ప్రదర్శించమన్నారు. వీరభద్రం అదునుకోసం చూస్తున్నవాడు, బల్ల ముందుకు వచ్చి, నేలకు ఒరిగి, ఎడమకంటి నుంచి ఒకే ఒక్క చుక్క రాల్చాడు. తెనాలిలో దానికి ఈలలు పడేవి.  ఇతను తన దగ్గర డబ్బులు తీసుకున్న వీరభద్రమని సత్యలింగం ఒక్క నిమిషం మరిచిపోయాడు.

"ఒక కన్నే ఏడ్చింది," అన్నాడు సభ్యుడు. "సగం మార్కులు."

కూడితే నలభై ఏడు వచ్చాయి. రాతప్రతి చూసి తుమ్మెదకు కట్టారు, ఆమెకూ నలభై ఆరు. కాపలావాడు కూడా లంచం పుచ్చుకుని రెండుసార్లు గేటు తీశాడట, యాభై రెండు. గౌరు ఒకసారి తుమ్మెద గాజులు దాచింది, యాభై తొమ్మిది. ఆ ఊళ్ళో ఒక్కడూ మంచి గడిలోకి ఎక్కడు, ఒక్కడూ చెడ్డ గడిలోకి దిగడు. దక్షిణామూర్తి తల పట్టుకున్నాడు.

"ఇంతమంది నిలుపుదలలో ఉంటే పరీక్షా కేంద్రానికే చెడ్డపేరు. పరీక్షల విభాగంలో ఇటువంటి సందర్భంలో ఏం చేసేవాళ్ళం?"

ముగ్గురి ముఖాలూ ఒకేసారి వెలిగాయి. "గ్రేసు!"

"ఒక్కరికి ఇవ్వరాదు. ఆ కేంద్రంలో రాసిన వారందరికీ సమంగా ఇవ్వవలెను. పద్నాలుగు కలుపుదాం."

పద్నాలుగు కలిపారు. ఉప్పుకోట అంతా పాసయింది. గొంతులు తీసినవాడూ మంచివాడే, గొంతు దొంగిలించినదీ మంచిదే, లంచం తిన్న కాపలావాడూ మంచివాడే. సత్యలింగం చేతులు జోడించాడు. లోపల మాత్రం, వీళ్ళను పిల్లల కథల మీదకు కాక ఇంకేదైనా దేశం మీదకు పంపితే ఆ దేశం ఏమయ్యేదా అనుకున్నాడు. అంతలో సభ్యురాలు చిన్నగా దగ్గింది.

"ఏడో నిబంధన, సార్. ప్రతి పుస్తకంలోనూ కనీసం ఒక చెడ్డవారు ఉండవలెను. లేనియెడల విద్యార్థి తిరస్కరించుటకు ఏమియు మిగలదు."

"అవును. ఇందులో పాత్రలందరూ ఉత్తీర్ణులైరి." దక్షిణామూర్తి పుస్తకం తిప్పి అట్టలోపలి పుట చూశాడు. "ఇంకా పేర్లున్నాయే. రచయిత్రి?"

"రచయిత్రి చెడ్డదైతే పుస్తకం మొత్తం తిరస్కరించాలి సార్."

"ముద్రాపకుడు?"

"శివకాశి సార్. మన పరిధిలోకి రాడు."

ముగ్గురూ తలలెత్తి సత్యలింగం వైపు చూశారు.

"ప్రచురణకర్త," అన్నాడు దక్షిణామూర్తి, ఎంతో మర్యాదగా. "అభ్యంతరం లేదు కదా? ఈ పుస్తకం ప్రతులన్నిటి మీదా మీ పేరు కింద 'చెడ్డవారు' అని ముద్రించవలెను. మీకు తగిన శిక్ష కూడా పుస్తకం ముగిసేలోపు జరగవలెను. శిక్ష లేని చెడు మండలికి సమ్మతం కాదు."

వీరభద్రం ఇక ఆగలేకపోయాడు. సత్యలింగం చెవి దగ్గరకు వంగి, "ఒప్పుకోకండి. ఎన్నేళ్ళ పేరు మీది! నేనంటే రాత్రికి వేషం కడిగేసుకుంటా. మీకు కడిగినా పోదిది" అని గుసగుసలాడాడు.

మూగవాడికి గొంతు వచ్చిన సంగతి మండలి గమనించలేదు. అప్పటికే మార్కులు వేసేశారు.

సత్యలింగం లెక్క చూసుకున్నాడు. పేరనేది దుకాణంలో ఉన్న సరుకుల్లోకెల్లా కొనడానికి ఎక్కువ కాలం పట్టేది. అమ్మితే మళ్ళీ దొరకదు. దాన్ని ఒక పక్కన పెట్టాడు. రెండో పక్కన పొద్దున్నే నిద్ర లేచి నోరు తెరిచిన గౌరును పెట్టాడు. ఈ పుస్తకం రాకపోతే ఆ పిల్ల నిద్రలోనే ఉండిపోతుంది. రాష్ట్రంలో ఇన్ని వేలమంది పిల్లలు ఆమె పక్కన కూర్చుని ఎదురుచూస్తూనే ఉంటారు.

"ఎక్కడ పెట్టమంటారు సంతకం?" అన్నాడు.

వార్త చెప్పడానికి సత్యలింగం సువర్చలకు ఫోను చేశాడు. విన్నాక ఆమె గొంతు మారింది.

"మీకు శిక్ష నన్నే రాయమన్నారా బాబాయ్ గారూ?"

"అవునమ్మా. కాస్త చూసి రాయి. మరీ చంపకు, కొట్టు చూసుకోవాలి."

ఆమె చంపలేదు. కథ అయిపోయాక ఒక పుట చేర్చింది. ఉప్పుకోట జనం ప్రచురణకర్తను పట్టుకుని బురుజు మీద నిలబెట్టి, తాను ఇన్నేళ్ళుగా అచ్చువేసిన గైడ్లన్నీ గట్టిగా పైకి చదవమన్నారు. మొదటి గైడుకు ఊరు ఖాళీ అయింది. రెండోదానికి పక్షులు వెళ్ళిపోయాయి. మూడో గైడు మధ్యలో మేఘాలు తట్టుకోలేక సముద్రం మీదకు పారిపోయాయి, మళ్ళీ ఉప్పుకోట వైపు రాలేదు.

ఐదో భాగం బళ్ళలోకి వెళ్ళింది. సత్యలింగం చెడ్డవాడిగా బతకడానికి సిద్ధపడ్డాడు. పక్క దుకాణంవాడు, "ఏమండీ దుర్మార్గులూ, టీ తాగుదామా?" అని పిలవడం మొదలుపెట్టాడు. అంతవరకూ ఊహించినదే. ఊహించనిది పిల్లలు. బడి వదిలాక దుకాణం ముందు గుంపుగా నిలబడి ఆయన్ను చూసేవాళ్ళు. ఒకరోజు రెండు జడల పిల్ల ఒకతె ధైర్యం చేసి మెట్లెక్కింది.

"ఆ చెడ్డాయన మీరేనా?"

"నేనేనమ్మా."

"మీరు గైడు చదివితే మేఘాలు పోయాయిగా?"

"పోయాయి."

"మరి ముందే చదవచ్చుగా! గౌరు గొంతు పోయాక చదివారేం?"

సత్యలింగానికి నిజంగానే తప్పు చేసినట్టు అనిపించింది. "అప్పటికి నేను ఇంకా కథలోకి రాలేదమ్మా."

"రావాల్సింది," అన్నదా పిల్ల కఠినంగా. మెట్లు దిగబోయి ఆగింది. "కాని వచ్చారు కదా. మీరు పూర్తిగా చెడ్డ కాదు. ఇంకా చూడాలి."

ఆ మాట ఆ ఒక్క పిల్లదే అయితే బాగుండేది. మరుసటి పఠనశక్తి పరీక్షలో ఉప్పుకోటలో చెడ్డవారు ఎవరని అడిగితే, సరైన జవాబుల జాబితాలో ప్రచురణకర్త అని ఉన్నా, పిల్లలు మళ్ళీ గడి ఖాళీగా వదిలేశారు. పెద్దవాళ్ళు అచ్చువేసి ముద్ర కొట్టి ఇచ్చిన ఒకే ఒక్క చెడ్డవాణ్ణి కూడా వాళ్ళు నమ్మలేదు.

వారం తిరక్కుండా సత్యలింగానికి నోటీసు వచ్చింది. 'మండలి ముందస్తు అనుమతి లేకుండా తమ శీలమునందు అభివృద్ధి చోటుచేసుకొన్నట్లు దృష్టికి వచ్చినది. తాము యథాపూర్వం చెడ్డవారేనని నిరూపించుకొననియెడల సదరు పుస్తకము యొక్క ప్రతులన్నియు బడుల నుండి ఉపసంహరించబడును.'

సత్యలింగం మండలికి పరుగెత్తాడు. దక్షిణామూర్తి ముఖం గంభీరంగా ఉంది.

"సార్, నేను చెడ్డవాణ్ణేనండి. ప్రమాణం చేస్తాను."

"చెడ్డవారి ప్రమాణం చెల్లదు. నిదర్శనం కావలెను. మీకు ముప్పై ఒకటి ఇచ్చి ఉంటిమి. విద్యార్థుల స్పందన వల్ల అది నలభై దాటినది. ఈమధ్య చేసిన చెడు ఏదైనా చూపండి."

సత్యలింగం ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ ఏమీ తోచలేదు. పేరు పోయాక, దాన్ని కాపాడుకోవడానికి ఆడే చిన్న చిన్న అబద్ధాలు కూడా మానేశాడు. తూకం, బేరం అన్నీ తిన్నగా నడుస్తున్నాయి. పోయినవారం ఒక పిల్ల దగ్గర చిల్లర లేదంటే పుస్తకం ఊరికే ఇచ్చాడు కూడా. అది చెబితే ఇంకో అయిదు కలిపేస్తారు.

అప్పుడు ఆయన చూపు బల్ల చివర పడింది. శుభలేఖల నమూనాలు ఒక కట్టగా ఉన్నాయి. బంగారు అంచువి, తలుపుల్లా తెరుచుకునేవి, లోపల పట్టుగుడ్డ అతికించినవి. వర్తకుడికి శ్వాస తిరిగింది.

"ఇంట్లో శుభకార్యమాండీ?"

"మా పెద్దవాడి వివాహం," అన్నాడు దక్షిణామూర్తి. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా వినిపించింది. "ఆ పట్టుగుడ్డది మా ఆవిడకు నచ్చింది. ధర విన్నాక నాకు నచ్చలేదు."

సత్యలింగం కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. "మన శివకాశి ప్రెస్సువాళ్ళు ఉండగా మీకు ధరల సంగతెందుకండీ? కార్డులు నేను వేయిస్తాను. కవర్లు, మీద పేర్లు, అన్నీ. మీరు రూపాయి తీయక్కర్లేదు. ఆ నోటీసు సంగతి కాస్త చూడండి."

దక్షిణామూర్తి లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. కూర్చుని, ఎర్రకలం తీసి, నోటీసు నకలు కింద నిదానంగా, ప్రతి మాటా పైకి చదువుతూ రాశాడు:

"సదరు ప్రచురణకర్త విధి నిర్వహణలో ఉన్న అధికారికి ప్రతిఫలం ఇవ్వజూపిన విషయం నా ప్రత్యక్ష అనుభవంలోకి వచ్చినది. మైనస్ ఇరవై. శీలం యథాతథం. పుస్తకం బడులలో కొనసాగవచ్చును."

సత్యలింగం ఊపిరి పీల్చుకున్నాడు. గౌరు బడుల్లోనే ఉంటుంది. అయినా వర్తకుడు కనుక, లావాదేవీలో రెండోవైపు కూడా చూడకుండా ఉండలేకపోయాడు.

"ఇచ్చినందుకు నాకు ఇరవై పోయాయి, సరేనండి. మరి పుచ్చుకున్నందుకు?"

దక్షిణామూర్తి పట్టిక తెరిచి, వేలు పెట్టి పైనుంచి కిందికి శ్రద్ధగా వెతికాడు. "ఇవ్వడానికి గడి ఉంది. అధికారి పుచ్చుకోవడానికి లేదు." పట్టిక మూసి, నచ్చిన నమూనా తీసి సత్యలింగం చేతికిచ్చాడు. "ఒక్క మనవి. కార్డు వెనక వేయించినవారని మీ పేరు వేసేరు సుమా, వెయ్యకండి. చెడ్డవారి పేరు శుభలేఖ మీద ఏం బాగుంటుంది?"